నాన్న చర్మం

ఇంకా అలాగే ఉంది దీని వీపు, పిల్లని కన్నా, నలభై దాటినా, వెన్నముద్దలా, ఒక్క మచ్చ లేదు చూడు, అని మిరాన్ వేడినీళ్ల తొట్టిలో గడ్డందాకా మునిగి చెల్లెలు సోల్హీని చూసి కుళ్ళుకుంటోంది, అవును కుళ్ళే, దాపరికమెందుకు, అమ్మ చర్మం దానికొచ్చింది, టాక్సీ నడిపే నాన్న చర్మం తనకొచ్చింది, ఆ బుగ్గల గుంటలూ ఆ జిడ్డూ, పద్నాలుగో ఏట నుంచి మొహం మీదా భుజాల మీదా చీము మొటిమలు, ఒక కడుపున పుట్టినవాళ్లకి ఇదేం పంపకం, చిన్నప్పుడు ప్రతి పండగ ముందురోజు బుసాన్‌లోని ఈ ఆడవాళ్ల స్నానాలశాలలోనే అమ్మ గరుకు గుడ్డతో దాన్ని మట్టి రాలేలా రుద్ది, తన వంతొచ్చేసరికి నువ్వే రుద్దుకోవే, ముట్టుకుంటే నెత్తురొస్తుంది అనేది, మొహం కడుక్కోవే అనేది, రోజుకి ఐదుసార్లు కడుక్కునే పిల్లతో, ఇక పెళ్లిచూపులకొచ్చినవాడు కాఫీ తాగుతూ మీ చెల్లెలికి కూడా సంబంధాలు చూస్తున్నారా అనలేదూ, సిగ్గులేని వెధవ, అయినా మొన్న చర్మం డాక్టరమ్మ ఏమంది, మీ తప్పేం లేదమ్మా, ఈ గుణం చాలావరకు వంశంలోంచే వస్తుంది, ఒకటి కాదు, బోలెడు జన్యువులు, పైకి కనబడకపోయినా మీ చెల్లెలిలోనూ కొన్ని దాగి ఉండొచ్చు అంది, ఆ చివరి మాటనే మిరాన్ వారం నుంచి బెల్లంముక్కలా చప్పరిస్తోంది.

అదుగో సోల్హీ కూతురు నారే వచ్చింది, పదమూడేళ్ల పిల్ల, తువ్వాలు వదలదు, అందరం ఆడవాళ్లమేగా, ఏమిటే ఈ సిగ్గు, అని సోల్హీ లాగేసి అలాగే నిలబడిపోయింది, పిల్ల వీపంతా ఎర్రగా మొటిమలు, కొన్ని పండినవి, కొన్ని గిల్లుకున్నవి, మిరాన్ గుండె ఎగిరి గంతేసింది, దొరికావే అనుకుంది, ఛీ, పసిపిల్ల వీపు చూసి ఇంత సంతోషమా, సంతోషమే మరి, ఎప్పట్నుంచే ఇవి, చాక్లెట్లు మానమంటే విన్నావా, మన ఇంట్లో ఎవరికీ, అంటూ సోల్హీ తొట్టివైపు చూసి నాలిక్కరుచుకుంది, ఇదే అదను, నీ దగ్గర్నుంచే వచ్చాయే మహాతల్లీ అనెయ్యాలి, నోటిదాకా వచ్చింది, ఇంతలో పిల్ల, అమ్మా నువ్వొద్దు, పెద్దమ్మ రుద్దుతుంది, పెద్దమ్మకైతే అసహ్యం వెయ్యదు అంది.

మిరాన్ తొట్టిలోంచి లేచొచ్చి, గరుకు గుడ్డ అవతల పారేసి, ఉత్త అరచేత్తో నురగ రాసింది, ముందు ముడుచుకున్న భుజాలు మెల్లగా వదులయ్యాయి, పోతాయా పెద్దమ్మా, చాలావరకు పోతాయే, మంచి మందులొచ్చాయి, ఇందులో నీ తప్పేం లేదు, తాతయ్య నుంచి మీ అమ్మ మీదుగా వచ్చాయి, అంతే, అనేసింది, ఇన్నాళ్లు నూరిన కత్తి ఇంత మెత్తగా దిగిందేమిటి, అని తలెత్తితే సోల్హీ పిల్ల వీపు చూడటం లేదు, తన చేతినే చూస్తోంది, ఆ చూపు మిరాన్‌కి కొత్తా, ముప్పయ్యేళ్లు తనదే కదా, ఇన్నాళ్లకి చెల్లెలు తనని చూసి కుళ్ళుకుంటోంది, ఆనందం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటే రాదే, రా, చెయ్యిలా పెట్టు, మెల్లిగా, అని సోల్హీ మణికట్టు పట్టుకుని లాగింది, ఈ కుళ్ళుమంట పగవాళ్లకే వద్దు, చెల్లెలికెందుకు.