వంటగది లేని చోటు

"ఈసారి సెలవులకి ఎక్కడ దిగాలో నువ్వే చూసెయ్ రేగులా. ఇలాంటివి నీకు బాగా వచ్చు" అన్నాడు రూడి. నేనప్పుడు రాత్రి భోజనానికి బంగాళాదుంపలు తురుముతున్నాను. చెయ్యి కడుక్కుని వెనక్కి తిరిగేసరికి అతను మళ్ళీ పేపర్లో మునిగిపోయాడు. చూసెయ్ అంటే వెతకమని కాదు. ఎంగడీన్ లోయలో ఎప్పుడూ దిగే ఆ అద్దె ఇంటి యజమానురాలు కాడుఫ్ గారికి ఫోన్ చేసి, ఫలానా వారం వస్తున్నామని చెప్పమని.

ఆ ఇల్లు బాగుంటుంది, కాదనను. కిటికీలోంచి కొండలు, కొండల కింద ఎర్ర రైలు. ఆ రైలు కనుమ ఎక్కి, హిమానీనదాల పక్కనుంచి దిగి, అటువైపు ఇటలీ దాకా వెళుతుంది. చివరిరోజు ఆ రైలెక్కి ఇటలీలో భోంచేసి రావడం రూడి వాళ్ళ నాన్న పెట్టిన ఆచారం. మామగారు పోయాక రూడి మా అమ్మాయి అనూక్‌ని తీసుకెళతాడు. నేను వెళ్ళను. ఎందుకంటే చివరిరోజు ఇల్లు అప్పగించాలి. మా దేశంలో అద్దె ఇల్లంటే కడిగి అప్పగించాల్సిందే. ఓవెన్ లోపల, పొయ్యి పైన చిమ్నీ, కుళాయి మీద నీటిమరకలు, మంచాల కింద. పదకొండింటికి కాడుఫ్ గారొస్తారు. చిమ్నీ మీద వేలు పెట్టి రాసి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంటారు. ఆ తర్వాతే నవ్వుతారు. నేను పెట్టెలన్నీ స్టేషన్‌కి లాక్కెళ్ళి, వాళ్ళు తిరిగొచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటాను.

"పుస్తకాలు చదువుకున్న పిల్లయినా ఓవెన్ మాత్రం అద్దంలా తోముతుంది" అంటారు సెలవులకి మాతోపాటే వచ్చే మా అత్తగారు హెడ్‌విగ్. మోకాలు నొప్పి కాబట్టి ఇప్పుడావిడ కుర్చీలో కూర్చుని, నేను వదిలేసిన మూలలు చూపిస్తారు. ఆ మాట నాకు మెచ్చుకోలుగానే వినిపించేది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. నాన్న ఊరివాళ్ళ ఆవులు పితికేవాడు. అప్పజెప్పిన పని వంక పెట్టడానికి లేకుండా చెయ్యడమే మాకు తెలిసిన గౌరవం. డిగ్రీ వచ్చాక పని మారింది గానీ ఆ భయం మారలేదు. ఇప్పుడు వింటర్‌టూర్ అనే మా ఊరి బళ్ళో పిల్లలకి భూగోళం చెబుతాను. ఆ కనుమ గురించి కూడా చెబుతాను. ఇటు పడ్డ చినుకు నల్లసముద్రానికి, అటు పడ్డ చినుకు ఏడ్రియాటిక్‌కి పోతుందని బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తాను. మీరు ఆ కనుమ చూశారా అని ఏ పిల్లా అడగదు, చూడలేదని నేనూ చెప్పను. ఇంకో రోజు వెళదామా అని రూడిని ఒకసారి అడిగాను. "అది చివరిరోజుకి కదా" అన్నాడు, చాలా మామూలుగా.

ఆ సాయంత్రం కాడుఫ్ గారికి ఫోన్ చేద్దామనే లేచాను. అనూక్ పక్కింటి పిల్లతో మెట్ల మీద మాట్లాడుతోంది. "మా నాన్నా నేనూ ప్రతి ఏడూ రైల్లో ఇటలీ వెళతాం. మా అమ్మ రాదు. మా అమ్మకి రైలంటే ఇష్టం ఉండదు."

చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. పిల్ల అబద్ధం చెప్పలేదు. చూసింది చెప్పింది. దాని కళ్ళకి నేను రైలు ఇష్టం లేని మనిషిని, చీపురు ఇష్టమున్న మనిషిని. పెద్దయ్యాక అదీ ఇలాగే దేన్నో ఇష్టం లేనట్టు బతికేస్తే?

ఆ రోజే చోటు చూడటం మొదలుపెట్టాను, నిజంగానే. రెండో రోజు రూడితో, "స్టేషన్ ఎదురుగా చిన్న హోటల్ ఉంది. పొద్దున ఫలహారం, రాత్రి భోజనం వాళ్ళదే" అన్నాను.

"హోటలా? మన వంటగది మనకుంటే ఎంత స్వేచ్ఛగా ఉంటుంది! ఎప్పుడు కావాలంటే అప్పుడు తినొచ్చు."

"ఎవరికి స్వేచ్ఛ?"

అతను నవ్వేశాడు. కాసేపటికి తనే కంప్యూటర్ తిప్పి చూపించాడు. "ఇదిగో, ఈ కొత్త ఇల్లు చూడు. గిన్నెలు కడిగే మెషీన్ కూడా ఉంది!" ఎంతో ప్రేమగా వెతికాడు పాపం. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"పోనీ చివరిరోజుకి మనిషిని పెట్టుకుందాం" అన్నాడు.

"పెట్టుకున్నాం, గుర్తులేదా? ఆవిడ వచ్చి ఏమనుకుంటుందోనని మీ అమ్మ ఆవిడకంటే ముందే నాచేత ఇల్లంతా తోమించారు."

దానికి ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక అన్నాను, "రూడీ, ఆ రైలు ఎక్కాలని ఉంది నాకు. చివరిరోజు. చేతిలో గుడ్డ లేకుండా."

అతను కంప్యూటర్ మూసేశాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెబితే రాత్రంతా పడుతుంది. "ఇప్పుడు చెప్పాను కదా" అన్నాను.

అత్తగారు మాత్రం ఫోన్లో గట్టిగానే అన్నారు. "పరాయివాళ్ళు నా పక్క సర్దుతారా? కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదమ్మాయ్ నీకు!"

"బాగున్నాయి కాబట్టే వాటితో ఎటైనా వెళ్ళాలనుకుంటున్నాను అత్తయ్యా."

"మాటకి మాట నేర్చావు" అన్నారు. అయినా వచ్చారు.

ఆ వారం నాకు విచిత్రంగా గడిచింది. బల్ల ముందు కూర్చుంటే పళ్ళెం దానంతటదే వచ్చేది. వడ్డించిన అమ్మాయికి సాయం చెయ్యాలని లేవబోయి, మళ్ళీ కూర్చునేదాన్ని. అత్తగారు తిన్న పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ అమ్మాయి చేతికందించేవారు.

చివరిరోజు పొద్దున రూడి గదిలోకి తొంగిచూశాడు. అనూక్ అప్పటికే బూట్లు వేసుకుని ఉంది. "బండికి టైమవుతోంది. మేం వెళ్ళొస్తాం. పదకొండింటికల్లా గదులు ఖాళీ చెయ్యాలిట, నువ్వు ఈలోపు సర్దేస్తావు కదా?" అన్నాడు. అని, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆ మాట అతని నోటికి అంతగా అలవాటైపోయింది. నేను ముందు అత్తగారిని లేపడానికి పక్కగదికి వెళ్ళాను.

పక్క మీద దుప్పట్లు తీసి మడతపెట్టి ఉన్నాయి. స్నానాలగదిలో ఆవిడ తువ్వాలు పరుచుకుని, నొప్పి మోకాలు దాని మీద ఆనించి కూర్చుని, కుళాయి తోముతున్నారు. గదంతా వెనిగర్ వాసన. సీసా ఇంటినుంచి తెచ్చుకున్నట్టున్నారు. నన్ను చూసి దొంగతనం చేస్తూ పట్టుబడ్డ చిన్నపిల్లలా గుడ్డ వెనక్కి పెట్టుకున్నారు.

"లేవండి అత్తయ్యా. ఇక్కడ ఎవరూ వేలు పెట్టి చూడరు."

"చూడకపోయినా, వెళ్ళాక ఏమనుకుంటారోనని."

లేవనెత్తి మంచం మీద కూర్చోబెట్టాను. ఆవిడ చేతులు చల్లగా, వేళ్ళ చివరలు ముడతలు పడి ఉన్నాయి. ఇంతకుముందెప్పుడూ రాని ప్రశ్న నాకప్పుడొచ్చింది.

"అత్తయ్యా, మీరెప్పుడైనా ఆ రైలెక్కి కనుమ దాటారా?"

"మీ మామగారు పిల్లల్ని తీసుకెళ్ళేవారు. ఎవరో ఒకరు ఇల్లు అప్పగించాలి కదమ్మా." కిటికీ వైపు చూస్తూ అన్నారు, "ఒకసారి బయల్దేరాను. పని తొందరగా అయిపోయింది, వెనకాల బండిలో వెళ్ళి వాళ్ళని ఆశ్చర్యపరుద్దామని. ప్లాట్‌ఫారం దాకా వెళ్ళాక ఓవెన్ తలుపు తుడిచానా లేదా అని అనుమానమొచ్చింది. వెనక్కెళ్ళి చూశాను. తుడిచే ఉంది."

నేను ఆవిడ కోటు తీసి భుజాల మీద వేశాను. "మోకాలు," అన్నారు. "రైల్లో కూర్చోవడమే కదా" అన్నాను. తలుపు దగ్గర రూడి నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. తల్లిని చూస్తున్నాడు, కొత్త మనిషిని చూస్తున్నట్టు.

"రూడీ, మీరిద్దరూ పెట్టెలు సర్ది, కింద వాళ్ళకి అప్పజెప్పి, తర్వాత బండికి రండి. మీ అమ్మా నేనూ ఇప్పుడు వెళుతున్నాం. ఇటలీలో మీకు బల్ల చూసి ఉంచుతాం."

"నా నీలం స్వెట్టరు ఏ పెట్టెలో..." అని మొదలుపెట్టి, "సరేలే, వెతుక్కుంటా" అన్నాడు.

అనూక్ నోరు తెరుచుకుని చూస్తోంది. "అమ్మా, నీకు రైలంటే ఇష్టమా?"

"ఎప్పుడూ వెళ్ళలేదు నాన్నా. చూసొచ్చి చెబుతాను."

మేమెక్కిన రైలు పెట్టె దాదాపు ఖాళీగా ఉంది. అత్తగారు నడవలో నిలబడిపోయి, నన్ను అడిగారు, "నువ్వు టీచరువి కదమ్మాయ్, నీకు తెలియాలి. ఎటువైపు కూర్చుంటే బాగా కనిపిస్తుంది?"

ఆ దారిలో ఏ ఏరు ఎటు పారుతుందో నాకు తెలుసు. ఏ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలియదు. ఆమాటే చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు. బండి కదిలింది. ఆవిడ అటు కిటికీ పట్టుకున్నారు, నేను ఇటు కిటికీ పట్టుకున్నాను. ఎటువైపు ముందు ఏదైనా కనిపిస్తే అటువాళ్ళు రెండోవాళ్ళని పిలవాలని ఒప్పందం చేసుకున్నాం.