ఉప్పు వేసిన దిష్టిముద్దలు

దిష్టిముద్దల్లో ఉప్పు వేయకూడదు. ఈ నియమం నాకు తెలియక కాదు. పెళ్ళై బోధన్‌లోని ఫ్యాక్టరీ క్వార్టర్లకు వచ్చిన మొదటి సీజన్‌లోనే మా అత్తగారు దేవవ్వ నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి చెప్పింది. "తెల్లదొకటి, పసుపుదొకటి, బొగ్గు కలిపిన నల్లదొకటి. సప్పిడి అన్నమే. ఉప్పేస్తే ఆటికి రుచి మరుగుతది, ఇంటెంబడి వడ్తయి." అవి ఎవరో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అయితే అదే ఇంట్లో ఒకనాడు కూర చప్పగా ఉందని మా ఆయన విసిరిన కంచం గోడకు తగిలింది. "హైద్రాబాద్‌ల బి.ఏ. చదివిందట. ఉప్పెంతెయ్యాల్నో ఏ బుక్కుల రాసి లేదట" అని నలుగురిలో చెప్పి నవ్వించాడు. ఆనాటి నుంచి నా చేయి నన్ను అడగకుండానే ఉప్పుజాడీలోకి వెళ్ళడం నేర్చుకుంది. అమావాస్యనాటి ఎసట్లో కూడా వేసింది. నేను గమనించనేలేదు.

మా ఆయన లక్ష్మీరాజం చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా గుమస్తా. ఎడపల్లి నుంచి, వర్ని నుంచి వచ్చిన చెరుకు బండ్లు ఆయన పిలుపు కోసం కాలువ రోడ్డు పొడవునా బారులు తీరి ఉండేవి. "బండ్లోళ్ళ కండ్లన్ని నా కొడుకు మీదనే" అని అత్తగారి బెంగ. అందుకని ప్రతి అమావాస్యకూ, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ, ఆయన చుట్టూ తిప్పిన మూడు ముద్దలను విస్తరాకులో పట్టుకొని వెళ్ళి, మూడు బాటలు కలిసే చోట పెట్టి, వెనక్కు చూడకుండా రావడం నా పని. వంట, బాసాన్లు తోమడం, అత్తగారి కాళ్ళు పట్టడం వంటి వందలాది పనుల్లో అదొకటి. నిజామాబాద్ ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగానికి నన్ను రమ్మన్నప్పుడు ఆయన అన్న మాట కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. "పెండ్లాం జీతం తిని బతికే గతి నాకింక రాలే." పనికి జీతం ఉంటే అది ఆయనకు అవమానం. జీతం లేకుంటే అది నా ధర్మం.

ఒక అమావాస్యనాడు నేను వెనక్కు చూశాను. ధైర్యంతో కాదు, చదువుకున్నదాన్ని గనుక, ఆ అన్నాన్ని ఏ కుక్క తింటుందో తెలుసుకుందామని.

ముగ్గురు ఆడవాళ్ళు మడమల మీద కూర్చొని తింటున్నారు. పొడుగ్గా, నల్లగా ఉన్న మనిషి ఒకరు. మరాఠీ ఆడవాళ్ళలా గోచీపోసి చీర కట్టుకున్నామె ఇంకొకరు. వెలిసిపోయిన నల్ల దుపట్టా తల మీదుగా కప్పుకున్నామె మూడోది. ముగ్గురూ కొంగు అడ్డం పెట్టుకొని నములుతున్నారు. మిట్టమధ్యాహ్నం ఎవరి నీడైనా పాదాల కిందే దాక్కుంటుంది. నీడ లేనివాళ్ళు ఆ వేళనే ఎందుకు ఎంచుకుంటారో నాకు ఆ తరువాత అర్థమైంది.

"నువ్వేనా పిల్లా, ఉప్పేసేది?" అన్నది పొడుగుపాటామె. ఆమె పేరు సాయవ్వ.

ఉప్పు వేసినట్టు నాకు అప్పుడే తెలిసింది.

"ఊరంత సప్పిడే పెడ్తది. తిని, మర్షిపోయి, ఎల్లిపోవాలని. నువ్వు మాత్రం ఇంట్ల మనిషికి పెట్టినట్టు పెట్టినవ్."

గోచీచీర గంగుబాయి చెవి ఒగ్గి గాలిలోంచి ఏదో విన్నది. "నీ అత్త ఇప్పుడేమంటుందో చెప్పాల్నా? మూడు ముద్దలు పడేసి రానీకె గింతసేపా, బండ్లోళ్ళతోని ఇకఇకలు పెట్టిందేమో అంటుంది."

నేను పరుగెత్తాను. గడప దాటకముందే ఆ మాటలే, ఆ వరుసలోనే, అత్తగారి నోట విన్నాను. ఆమెకు భయపడి ఆ ముగ్గురికి దూరంగా ఉండాల్సింది. కానీ మనసులో కదిలింది భయం కాదు. నన్ను అనే మాటలకు ఒక సాక్షి దొరికింది.

చెరుకంతా ఫ్యాక్టరీకే పోవడం మొదలయ్యాక మూలపడ్డ బెల్లం గానుగ ఒకటి కాలువ అవతల ఉండేది. ఆయన కాంటా దగ్గర, అత్తగారు నిద్రలో ఉండే మధ్యాహ్నాలు ఆ గానుగ కొట్టానికి వెళ్ళడం నాకు అలవాటైంది. పాత బెల్లం వాసన ఇంకా ఆ గోడలను వదలలేదు. సాయవ్వ బోర్లించిన బెల్లం కడాయి మీద నన్ను కూర్చోబెట్టి తల దువ్వేది. ఆమె వేళ్ళు తగిలితే తడి మట్టిలో చేయి పెట్టినంత చల్లగా ఉండేది, ఆ చల్లదనం మెడ దాటి లోపలికి దిగేది. గంగుబాయి నా మాటలు వినేది. నేను కాలేజీలో చదివిన చరిత్ర, ఎవరితోనూ చెప్పని అభిప్రాయాలు, సగంలో ఆపేసిన వాక్యాలు ఒక్కటీ వదలకుండా వినేది. దుపట్టా కప్పుకున్న మాసూమా అంతగా మాట్లాడేది కాదు. నా అరచేతిలోని కాలిన మచ్చలను ఒక్కొక్కదాన్నీ తాకి, "యే కబ్ కా?" అని, ఇది ఎప్పటిదని అడిగేది. పప్పు దించినప్పటిది, పాలు పొంగినప్పటిది. ఆ మచ్చలకు చరిత్ర ఉందని నాకే అంతవరకు తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఆ చేతిని ఆమె వదల్లేదు. నేనూ వెనక్కు తీసుకోలేదు. ముఖం మీది దుపట్టా నేనే తొలగించాను. ముద్దు పెట్టుకున్నప్పుడు నా పెదవులకు తెలిసింది, ఆమెకు ముందు పళ్ళు లేవు.

నేను ఉలిక్కిపడితే సాయవ్వ కొంగు తీసి చూపింది. గంగుబాయీ చూపింది. ముగ్గురి నోళ్ళలోనూ అదే చీకటి సందు.

"బాణామతి చేస్తున్నమని పీకిండ్రు" అన్నది సాయవ్వ. "మంత్రం పలుకొద్దని. మా మరిది బిడ్డ సచ్చిపోతే నన్ను. బర్రె పాలియ్యకుంటే దీన్ని. మాసూమాను ఎందుకో దానికే తెల్వదు."

"మరి మీకు నిజంగా మంత్రం వచ్చా?"

"అప్పుడు రాదు పిల్లా. పండ్లు పీకినంకనే వచ్చింది. నెత్తురు మింగుతుంటే లోపట్నుంచి ఎవరో నేర్పినట్టే వచ్చింది."

ముగ్గురిలో ఎవరిని ప్రేమించానంటే, ముగ్గురినీ. ప్రేమ ఒక్కరికే చెందాలని నాకూ నేర్పారు. కానీ అదే లోకం నన్ను భార్యగా ఒకరికి, కోడలిగా ఒకరికి, వంటమనిషిగా వచ్చినవారందరికీ ముక్కలుగా పంచినప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. చాకిరీలో పదిమందికి చెందవచ్చు, ప్రేమలో మాత్రం ఒక్కరికే చెందాలన్న ఈ లెక్క ఎవరు కట్టారో ఆ కొట్టంలో కూర్చొని చాలాసార్లు ఆలోచించాను. వాళ్ళతో ఉన్నప్పుడు నేను పంపకం కాలేదు. ముగ్గురి మధ్య మొత్తంగా ఉన్నాను. ఒకసారి నన్నూ మీలో కలుపుకోమన్నాను. గంగుబాయి ముఖం తిప్పుకున్నది. "మాతోని కలవాలంటే ఒక్కటే తొవ్వ పోరీ. గా తొవ్వల నిన్ను నడువనియ్యం." ఆ తొవ్వ ఏదో ఆమె నోటిలోని చీకటి సందే చెప్పింది. మళ్ళీ అడగలేదు.

ఆ సీజన్ చివర్లో కొత్త ఆఫీసరు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మర్యాద తెలిసినవాడు. ఏ కాలేజీలో చదివారని నన్ను అడిగితే, చెప్పాను. ఏం ఇష్టంగా చదివారని అడిగితే, ఇంకో రెండు వాక్యాలు చెప్పాను. మా ఆయన నవ్వాడు. "సార్, దీనికి నోరు లావు, చేతులు సన్నం. ఏయ్, సార్ కాళ్ళకు నీళ్ళు పొయ్." నేను చెంబు తెచ్చి, వంగి, ఆ పరాయి మనిషి పాదాల మీద నీళ్ళు పోశాను. ఆఫీసరు సిగ్గుతో కాళ్ళు వెనక్కు తీసుకున్నాడు. మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

మరునాడు కొట్టంలో మాసూమా ఏమైందని అడిగింది. చెప్పాను. "క్యా కరూఁ ఉస్ కో? ఆయన్ను ఏం చెయ్యాల్నో చెప్పు" అన్నది. నేను ఒక్కో మాటా తూచి అన్నాను. "చావు వద్దు, జ్వరం వద్దు. ఆ గొంతు నాకు వినపడకుంటే చాలు."

తెల్లవారి లక్ష్మీరాజం నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

నిజం చెప్పాలంటే, ఆ రోజులు నాకు బాగున్నాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అందులో నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది. ఆయన సైగలతో కాఫీ అడిగితే అర్థం కానట్టు నిలబడ్డాను. నిజామాబాద్ డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. అప్పుడు అత్తగారు తేల్చింది. "ఇది బాణామతే. ఇంట్ల తిరిగేటోళ్ళే చేసిండ్రు."

ఇంట్లో తిరిగేవాళ్ళంటే నేను కాదు. బాసాన్లు తోమే పెంటవ్వ. మగడు పోయినది, పిల్లలు లేనిది, మిగిలిన కూర గిన్నెలో పెట్టుకొని పోయేది. ఆయనకు ఎంగిలిలో మందు పెట్టిందని వాడంతా రెండు రోజుల్లో నమ్మేసింది. వర్ని నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు. తెల్లారి మధ్యాహ్నం పెంటవ్వ పళ్ళు పీకుతారని తెలిసి నేను కాలువ దాటి పరుగెత్తాను.

"గొంతు తిరిగిచ్చెయ్యండి" అన్నాను.

మాసూమా తల దించుకుంది. సాయవ్వ చెప్పింది. "అది మా చేతుల లేదు పిల్లా. అడిగినదాని నోటితోనే పోవాలె. నేనే అడిగిన అని పదిమంది ముంగట నువ్వంటే, అన్న గడియల్నే గొంతొస్తది."

"అయితే అంటాను."

"అన్నదానికి ఏమైతదో మాకెరుక." ఆమె నా గడ్డం పట్టుకొని, బొటనవేలితో నా ముందు పళ్ళను ఒకసారి నిమిరింది. "ఇయ్యి మాకెంత పానమో నీకు తెల్వది. అనకు వసంతా. ఆ ముసల్దెవరో నీకేమైతది?"

ఆ ప్రశ్న నన్ను నిలువునా ఆపేసింది. ప్రేమ కూడా ఇలా అడగగలదని నేను ఊహించలేదు. వాళ్ళు నన్ను కాపాడుకోవాలనుకున్నారు, అందుకు ఇంకొక నోరు నెత్తుటితో నిండితే నిండనీ అనుకున్నారు. తమ నోళ్ళకు జరిగింది తెలిసీ అనుకున్నారు. "మీ రోజున ఎవరైనా ఒక్కరు నేనే అని ఉంటే?" అని అడిగాను.  మాసూమా నా చేయి వదిలేసింది, మొదటిసారి.

మరునాడు మా క్వార్టరు ముందు వాడంతా చేరింది. మా ఆయనను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. నేను ఆయన ముందు మెట్ల అంచున నిలబడ్డాను. పెంటవ్వను ఇద్దరు మగవాళ్ళు పట్టుకున్నారు. "అమ్మా, నేను బాసాన్లే తోమిన, ఇంకేం తెల్వదమ్మా" అని నా వైపే చూసి ఏడుస్తున్నది. భూతవైద్యుడు పట్కారును వేపమండతో తుడుస్తున్నాడు.

"ఆమెను వదలండి" అన్నాను.  "ఆయన గొంతు పోవాలని అడిగింది నేను. మాట తూచి అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ బాధ లేదు. బాధంతా పెంటవ్వ గురించే."

 భూతవైద్యుడి చేతిలోని పట్కారు నా వైపు తిరిగింది. అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకున్నది. కాలువ రోడ్డు మీద, బండ్ల పక్కన, ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నిలబడడం నేను చూశాను. ఎండలో వాళ్ళ కాళ్ళ కింద ఏమీ లేదు. నా పళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. దేనికైనా సిద్ధమయ్యాను.

అప్పుడు లక్ష్మీరాజం దగ్గాడు. దగ్గులో గొంతు ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. నన్ను చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంతసేపు నా ముఖంలోకి చూడడం నాకు గుర్తు లేదు. ఒక్క క్షణం, ఆయన నన్ను నమ్మాడు. అది ఆయన కళ్ళలో స్పష్టంగా కనిపించింది. భయం, కోపం, వాటితోపాటు నాకు కొత్తదైనది ఒకటి, నన్ను లెక్కచేయడం. తరువాత చుట్టూ ఉన్న వాడ జనాన్ని చూశాడు, ఫ్యాక్టరీ మనుషులను చూశాడు. ఆ చూపు మారిపోయింది.

"పోండ్రి, పోండ్రి" అన్నాడు నవ్వుతూ. "బుక్కులు సదివి సదివి దీనికి తల్కాయ తిరిగింది. ఇది చేసుడేంది, దీనికి అన్నం వండుడే సక్కగ రాదు. మంచు పట్టి గొంతు పోయింది, ఇప్పుడొచ్చింది. గంతే. ముసల్దాన్ని ఇడ్వుండ్రి." జనం కూడా నవ్వారు. పెంటవ్వ చేతులు విడిపించుకొని, పడుతూ లేస్తూ పరుగెత్తింది. భూతవైద్యుడు పట్కారును సంచిలో వేసుకొని, గొంతు తెప్పించింది తానేనని చెప్పడం అప్పుడే మొదలుపెట్టాడు.

నాకు ఏ శిక్షా పడలేదు. నేను చేసిన పని కూడా నాది కాకుండా పోయింది. పళ్ళు పీకితే వచ్చే నొప్పి ఎంతో నాకు తెలియదు. కానీ ఆ నవ్వుల మధ్య నిలబడ్డప్పుడు, ఈ ఇంట్లో నా పాపానికి కూడా విలువ లేదని తెలిసినప్పుడు కలిగింది అంతకన్నా తక్కువది కాదనుకుంటాను.

రోడ్డు మీద మాసూమా దుపట్టా తీసేసింది. పట్టపగలు, అంతమంది మధ్య, ఆ నోటితో నన్ను చూసి నవ్వింది. సాయవ్వ చేయి చాచింది. పళ్ళున్న ఆడదాన్ని వాళ్ళు ఎన్నడూ కలుపుకోలేదు, ఏమవుతుందో వాళ్ళకూ తెలియదు. 

"ఏయ్" అని వెనుక నుంచి మా ఆయన పిలిచాడు. తిరిగొచ్చిన గొంతు మునుపటిలాగే ఉంది. "గట్లనే నిలవడ్డవేంది? లోపటికి పో. అందరికి ఛాయ్ పెట్టు."

ఛాయ్‌పత్తి ఎక్కడుందో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండానే మెట్లు దిగి ఆ చాచిన చేతి వైపు నడిచాను.