పార మీద పేరు

నాకు కోపం ఎక్కువ. అసిరయ్య మావని చూస్తే ఇంకా ఎక్కువ. ఏడేళ్లుగా ఇద్దరిదీ ఒకటే పని. ప్లాంటులో కన్వేయర్ బెల్టు మీంచి కింద రాలిన సరుకుని పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోయాలి. మేం ఎత్తుతూనే ఉంటాం, అది రాలుతూనే ఉంటుంది. షిఫ్టు దిగేసరికి ముక్కులో బుగ్గి, నోట్లో బుగ్గి, ఇంటికెళ్లి తినే అన్నంలోనూ అదే రుచి. దానికితోడు కాంట్రాక్టు ఉద్యోగం. ఇలాంటి పనికి వచ్చి ఈ మనిషి రోజూ పారని కళ్లకద్దుకుంటాడు!

"పారకి దండాలెడితే పర్మినెంట్ సేసేత్తారేటి మావా?" అనేవాణ్ణి అందరి ముందూ.

"నన్నూ నా పిల్లల్నీ సాకింది ఇదే కదరా అల్లుడూ. దండవెట్టుకోడానికి సిగ్గేటి?" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మాకు చుట్టరికమేమీ లేదు, ఉత్త పిలుపు వరసలే. నేను చేరిన కొత్తలో అరచేతులు పుళ్లు పడిపోతే, పదిరోజులు నా వంతు కూడా ఆయనే ఎత్తాడు. అంతటి మనిషిని కాసిడీహ్ పేటలో ఉన్న మా ఇంటికి ఒక్కసారైనా పిలవలేదు. ఎందుకంటే మా అమ్మాయి ప్రియ దగ్గర నేను ఆపరేటర్ని.

అదేమీ పథకం వేసి ఆడిన అబద్ధం కాదు. పిల్ల మూడో తరగతిలో ఉండగా తండ్రి ఉద్యోగం రాసుకు రమ్మన్నారట. కాగితం పట్టుకుని నా ముఖంలోకి చూసింది. "ఆపరేటర్ అని రాయమ్మా" అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను. ఇప్పుడది తొమ్మిదో తరగతి. నాన్న మెషిన్ నడుపుతాడని స్నేహితురాళ్లందరికీ చెప్పుకుంది.

విశ్వకర్మ పూజ రోజున మా ప్లాంటు గేటు ఇంటివాళ్లకి తెరుస్తారు. ఏటా ఏదో వంక పెట్టి తప్పించుకునేవాణ్ణి. ఈసారి పిల్ల అన్నం మానేసి కూర్చుంది. మా ఆవిడ జానకికి నిజం తెలుసు. "కంట్రోల్ రూము బయటినించి సూపించి తీసుకొచ్చీ. ఏటవుద్ది?" అంది.

అలాగే చూపించాను. అద్దానికి ముక్కు ఆనించి లోపలి బటన్లన్నీ చూసింది పిల్ల. నేను ఏ సీట్లో కూర్చుంటానని అడిగితే, ఎవరిదో సీటు చూపించాను. ఇక గేటు దాటేద్దాం అనుకుంటుండగా "అల్లుడూ!" అని వెనకనించి కేక.

అసిరయ్య మావ. కొత్త చొక్కా, నుదుటి నిండా సిందూరం, చేతిలో బూందీ పొట్లం.

"యే కౌన్ హై, పాపా?" అంది ప్రియ, ఎవరీయన అని. ఈ హిందీ ఊళ్లో పెరిగిన పిల్ల, మేం తెలుగులో అడిగినా హిందీలోనే మాట్లాడడం దానికి అలవాటు.

"నా కింద పనిచేస్తాడు" అన్నాను, నేను కూడా హిందీలోనే.

ఎలా వచ్చింది ఆ మాట నా నోట? మావ నవ్వు ఆగిపోయింది. నా వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. తరవాత పొట్లాన్ని రెండు చేతులతో పిల్లకి అందించాడు.

"అవునమ్మా, సార్ కిందే సేత్తన్నాను. సార్ సానా మంచోరు" అన్నాడు.

అక్కడితో పోతే బాగుండేది. పూజ చూడాల్సిందేనని పిల్ల పట్టుబట్టి మా గ్యాంగు పందిట్లోకి నడిచింది. విగ్రహం ముందు పనిముట్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. ముందురోజు నేను బుగ్గితోనే మూల పారేసిన పారని ఎవరో తోమి, కడిగి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టారు. ఎవరో ఏమిటి, మావే. ప్రతి పార మీదా సుద్దతో దాని మనిషి పేరు రాశాడు. నా దాని మీద నాగేంద్రబాబు అని ఇంతింత అక్షరాలు.

నా కాళ్లు నిలబడిపోయాయి. మావ అది కనిపెట్టాడు. గబగబా ముందుకెళ్లి దండం పెడుతున్నట్టు వంగి, అరచేత్తో నా పేరు తుడిచేశాడు. కుంకుమ కూడా చెదిరిపోయింది. ఎవరైనా పార దాటితేనే ఊరుకోని మనిషి, దేవుడి ముందు పెట్టిన పారని నాకోసం అలా చేశాడు. ఒక్క మాట చాలు అప్పుడు. చెప్పలేదు. చేతులు జోడించి విగ్రహం కేసి చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే సాక్చీ బజార్లో ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుంది.

"పాపా, ఆప్ ఉన్‌కో డాంటియేగా మత్" అంది ప్రియ.

"ఎవర్ని తిట్టొద్దంతన్నావే?"

ఆ అంకుల్నే అంది. పొరపాటున పార మీద నా పేరు రాశాడట, తను చూసిందట. భయపడి చెరిపేసుకున్నాడు పాపం, ముసలాయన, ఏమీ అనకండి అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. నా కూతురు ఆయన్ని నా నుంచి కాపాడాలని చూస్తోంది!

"పొరపాటు కాదమ్మా. ఆ పార నాదే" అన్నాను. "నేను ఆపరేటర్ని కాను. ఆయన నా కింద సెయ్యడు. నాకు పార పట్టుకోడం నేర్పిందే ఆయన."

పిల్ల కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. నా చొక్కా జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టి, "ఆయనకి చెయ్యండి" అంది తెలుగులో. రింగవుతుంటే స్పీకరు తనే నొక్కింది.

అవతల పూజ డోళ్లు మోగుతున్నాయి. మావా అనబోయాను. నేను నోరు తెరిచేలోపే, పిల్ల ఇంకా నా పక్కనే ఉంటుందనుకున్నాడేమో, డోళ్లకి మించి గట్టిగా వినపడింది ఆయన గొంతు.

"నమస్తే సార్! సెప్పండి సార్!"