ఇంట్లో ఉంచిన ఎముక

కృపారాణి బ్యాగు సర్దుతోంది. మంచం మీద నాలుగు నైటీలు, రెండు చీరలు, తువ్వాలు, కవర్లో చుట్టిన జ్వరం బిళ్లలు, అట్ట ఊడిన బైబిలు ఉన్నాయి. ఒక్కొక్కటీ పెడుతూ, మళ్లీ తీస్తూ, జిప్పు పడుతుందో లేదో చూసుకుంటోంది. బ్యాగు అడుగున మాత్రం జానెడు చోటు ఖాళీగా వదిలింది. అక్కడ పెట్టవలసింది ఇంకా పెరట్లో పొగ మీద ఉంది.

పెరట్లో ఆమె తల్లి రత్తమ్మ పీట వేసుకుని పీపా ముందు కూర్చుంది. అడుగూ మూతా కోసేసిన పాత నూనె పీపా అది. కింద గుంటలో సరుగుడు చెక్కలు, కొబ్బరి డొక్కలు, వాటి మీద ఊక. పీపా నోటికి అడ్డంగా ఇనప చువ్వ. దానికి తీగలతో వేలాడుతూ, చేతి మందాన కండ పట్టి ఉన్న గొడ్డు పక్కటెముకలు రెండు. ఆదివారం నరసాపురం రోడ్డులో కొట్టించుకొచ్చి రెండు రాత్రులు ఉప్పు, పసుపు, కారం, దంచిన వెల్లుల్లిలో ఊరబెట్టింది. పైన తడిపిన గోనె కప్పింది. మంట లేవకూడదు. పని చెయ్యవలసింది పొగ. తెల్లవారుజామున పెడితే మధ్యాహ్నం దాటేసరికి కండ ముడుచుకుని పైకి జరుగుతుంది, కింద ఎముక కొన వేలెడు బయటపడుతుంది. అప్పుడు అయినట్టు.

మొగల్తూరు దగ్గర కాలవ గట్టునున్న ఆ పేటలో దూరం వెళ్లే మనిషికి ఇలా జత ఎముకలు పొగబెట్టడం రత్తమ్మ పుట్టకముందు నుంచీ ఉంది. ఒకటి వెళ్లే మనిషి సంచిలోకి. రెండోది ఇంట్లో పొయ్యి మీది దూలానికి. మనిషి తిరిగొచ్చిన రోజున ఆ రెండోదాన్ని నానబెట్టి గోంగూరతో వండి మొదటి ముద్ద వచ్చినవాళ్లకు పెడతారు. రత్తమ్మ తాతమ్మ బర్మాకు, రంగం వెళ్లిన మొగుడి కోసం పదకొండేళ్లు ఉంచిందట. మనిషి పోయినట్టు రూఢిగా తెలిస్తే తప్ప దాన్ని దించరు. దించితే పాతిపెట్టడానికే.

రత్తమ్మ ఇంటి దూలానికి ఇప్పటికే ఒకటి ఉంది. తొంభై ఆరు తుఫానుకు వారం ముందు ఆమె భర్త వీరాస్వామి కాకినాడలో బోటెక్కడానికి వెళ్లాడు. ఆ రోజు వానకు పొగ సరిగా పట్టలేదు. "వచ్చాక తింటాలేవే" అని వట్టి చేతులతో వెళ్లాడు. బోటూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆ ఎముక ఇరవై ఏడేళ్లుగా చేవకర్రలా నల్లబడి అక్కడే ఉంది.

ఇప్పుడు కూతురు. ముప్పై నాలుగేళ్లది. మొగుడు వదిలేశాక రొయ్యల షెడ్డులో చేరింది. పొద్దుగూకులూ ఐసు నీళ్లలో నిలబడి తలలు తీస్తే మూడొందల యాభై. గోళ్లు ఊడుతున్నాయి. పిల్ల రమ్యశ్రీ భీమవరం హాస్టల్లో చదువుతోంది. గల్ఫులో ఇంటి పనికి పంపిస్తానని హరిబాబు అనే ఏజెంటు వచ్చినప్పుడు కృపారాణి తల్లిని అడగలేదు, చెప్పింది.

హరిబాబు వచ్చిన మొదటి రోజు నుంచీ రత్తమ్మకు అనుమానమే. ఎప్పుడూ పేటంతా గుళ్లో ప్రార్థనలో ఉన్న వేళకే వస్తాడు. కుర్చీ వేస్తే కూర్చోడు. మంచినీళ్లిస్తే ఉపవాసమంటాడు. ఒకసారి కువైట్ అన్నాడు, ఒకసారి మస్కట్ అన్నాడు. పాస్‌పోర్టు ఆరు నెలలుగా అతని దగ్గరే ఉంది. వీసా హైదరాబాదులో చేతికిస్తాడట, టికెట్టూ అక్కడేనట. రత్తమ్మ బడికి వెళ్లలేదు, బైబిల్లో వేలు పెట్టుకుని తనంతట తాను అక్షరాలు కూడబలుక్కుంది. కాయితమంటూ ఉంటే చదవగలదు. లేని కాయితాన్ని ఏం చదువుతుంది?

"ఏంటి పిన్నీ, ఎముకలు పొగబెడుతున్నావా, దోమల్ని తోలుతున్నావా?" అంటూ ప్రిస్కిల్లా పెరటి దడి తోసుకుని వచ్చింది. రెండిళ్ల అవతల ఉంటుంది. షెడ్డులో కృపారాణి పక్కన నిలబడే మనిషి. ఆమె కూడా హరిబాబుకు పాస్‌పోర్టు ఇచ్చింది. 'నీది వచ్చే బ్యాచిలో చెల్లెమ్మా' అన్నాడు.

"నోరు మూసుకుని డొక్కలందించు."

"డొక్కలెందుకు, అసలు నిప్పేదీ?" ప్రిస్కిల్లా వంగి గుంటలోకి చూసింది. తరవాత రత్తమ్మ కాలి పక్కనున్న చెంబును చూసింది. "పిన్నీ... ఊక తడిగా ఉందేంటి?"

"రాత్రి వాన కదా. చెమ్మగిల్లింది."

"మరే. వాన చెంబుతో కురిసినట్టుంది." నవ్వి ఊరుకుంది. లోపలికి వినబడేలా మాత్రం అనలేదు.

వ్యాను నాలుగింటికి రావాలి. ఒంటిగంటన్నరకే వచ్చింది. హరిబాబు తెల్లచొక్కా మడత నలగకుండా దడి దగ్గరే నిలబడ్డాడు. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పిన్నిగారూ, నమస్కారమండి. చెల్లెమ్మని బయల్దేరమనండి. రోడ్లు బాలేవు, ముందెళ్లడం మంచిది."

"నాలుగన్నావు కదా బాబూ."

"అన్నానండి. ఆఫీసు నుంచి ఫోనొచ్చిందండి, మనం ఏం చేత్తాం."

"ఎముక కాలేదు. అవకుండా ఈ ఇంట్లోంచి మనిషి కదలదు."

హరిబాబు నవ్వాడు. "అక్కడ రోజూ మాంసమేనండి పిన్నిగారూ. ఇంతింత ఎముకలు. ఈ ఒక్కదాని కోసం విమానం ఆపుతామాండీ?"

"టికెట్టు ఇంకా కొనలేదన్నావుగా. ఏ విమానం ఆగుద్ది?"

ప్రిస్కిల్లా కిసుక్కున నవ్వింది. హరిబాబు నవ్వలేదు.

మాటలు విని కృపారాణి బయటకొచ్చింది. గోనె ఎత్తి చూసింది. తొమ్మిది గంటలుగా పొగ మీద ఉన్న మాంసం ఇంకా ఎర్రగానే ఉంది, కొన నుంచి నీరు కారుతోంది. ఎముక కనబడనే లేదు. ఆమె ఊకలో చెయ్యి పెట్టింది. చెంబు చూసింది.

"నువ్వే పోశావు కదూ?"

రత్తమ్మ చెంబును కాలితో పీట వెనక్కి జరిపింది.

"అమ్మా, నిన్నే!"

"పోశాను. తెల్లారి నుంచీ పోత్తూనే ఉన్నాను. ఇయ్యాల అవ్వకపోతే రేపు, రేపవ్వకపోతే ఎల్లుండి. ఈయన ఆగుతాడో లేదో చూడాలని పోశాను."

"నాన్న ఎల్లినప్పుడు కాలేదని ఇరవై ఏడేళ్ల నుంచి ఏడుత్తున్నావు. ఇప్పుడు కావాలని నాకూ కాకుండా చేత్తావా?" కృపారాణి రెండు చేతులూ తల్లి ముఖం ముందు చాపింది. "నా గోళ్లు చూడు. చూడవే అమ్మా! ఇంకో రెండేళ్లు ఆ ఐసులో పెడితే వేళ్లే ఉండవు."

రత్తమ్మ చూసింది. చూసి, తల పక్కకు తిప్పుకుంది.

"మీ అమ్మగారి భయం పోవాలంతేనండి," అన్నాడు హరిబాబు ఫోను తీస్తూ. "పేరుపాలెం సూరమ్మ మీకు తెలుసు కదండీ. నాలుగేళ్ల కిందట నేనే పంపాను. చెల్లెమ్మ ఎల్లేది ఆవిడున్న ఇంటికే. ఆవిడతోటే మాట్లాడండి."

సూరమ్మ తెలియకేం. ఆమె తల్లీ రత్తమ్మా ఒకే గుడి బల్ల మీద కూర్చునేవాళ్లు. సూరమ్మ వెళ్లేటప్పుడు ఎముకలు పొగబెట్టింది ఈ పీపాలోనే. తల్లి కిందటేడు పోయింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో సూరమ్మ ఊసెత్తేవాళ్లు లేరు.

ఫోను స్పీకరులో పెట్టాడు. వీడియో అక్కడ రాదన్నాడు.

"ఆ పిన్నీ, బాగున్నారా? నేను సూరమ్మనండి," అంది ఒక ఆడగొంతు. చలాకీగా ఉంది. "ఇక్కడ చాలా బాగుందండి. ఏసీ గది, మూడు పూటలా భోజనం. కృపని బెంగ లేకుండా పంపండి."

కృపారాణి ముఖం తేటపడింది. 'విన్నావా' అన్నట్టు తల్లి వంక చూసింది.

రత్తమ్మ పీట మీంచి లేచి ఫోను దగ్గరికి వెళ్లింది. నాలుగేళ్లలో గొంతు మారుతుంది. ఫోనులో ఇంకా మారుతుంది. గొంతును బట్టి తేల్చుకోలేకపోయింది.

"సూరమ్మా, మీ అమ్మ పోయిందని తెలుసుగా?"

"తెలుసండి పిన్నీ, ఏం చేత్తాం, ఏడ్చానండి."

"ఇల్లు మీ వదిన చేతికొచ్చింది. పొయ్యి మీద నీ ఎముక ఉంది కదా. దాన్నేం చెయ్యమంటావే?"

అవతల నవ్వు వినబడింది.

"అదా అండి? ఇన్నేళ్లది ఇంకా ఎందుకండీ, కంపు కొడతాది. పారేయమనండి."

ప్రిస్కిల్లా చేతిలోని కొబ్బరి డొక్క కింద పడింది. కృపారాణి తల్లినీ ఫోనునూ మార్చి మార్చి చూసింది. బతికున్న మనిషి తన ఎముకను దించమని చెప్పదు. ఆ పేటల్లో పుట్టిన పసిపిల్లకూ అది తెలుసు.

"ఎవరమ్మా నువ్వు?" అంది రత్తమ్మ.

హరిబాబు ఫోను కట్టేశాడు. "సిగ్నలు పోయిందండి."

"సూరమ్మ ఏదీ?"

"ఇప్పుడు మాట్లాడింది ఎవరండీ మరి? నాలుగేళ్లయింది, ఎముకలూ తొక్కలూ ఎవరికి గుర్తుంటాయండి?"

"దూలానికి కట్టింది గుర్తుండదా? దాని కోసమే తిరిగొత్తారు బాబూ ఎవరైనా."

కృపారాణి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు బ్యాగు తెచ్చింది. హరిబాబు చెయ్యి చాపాడు. ఆమె బ్యాగు అరుగు మీద పెట్టి, జిప్పు లాగి, బైబిలు బయటకు తీసి చంకలో పెట్టుకుంది.

"నేను రానండి."

"ఏంటి?"

"రాను. నా పాస్‌పోర్టు నాకిచ్చేయండి."

హరిబాబు నోటి నుంచి 'అండీ' ఊడిపోయింది. "ఆటలుగా ఉందా? నీ మీద ఎంత పెట్టానో తెలుసా? అది కట్టి పాస్‌పోర్టు పట్టుకెళ్లు. వ్యాన్లో సీటు ఖాళీగా పట్టుకెల్తే నన్ను ఊరుకుంటారా అక్కడ?"

"సీటు సంగతి నాకెందుకు? నేను మాత్రం రాను."

ఆ మాట విన్నాక రత్తమ్మ మళ్లీ పీట మీద కూర్చుంది. కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. అందుకే ఆ తరవాతి మాట ఆమెకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

"సీటు ఖాళీ ఎందుకండీ," అంది ప్రిస్కిల్లా. "నేనొత్తాను. నా పాస్‌పోర్టు కూడా మీ దగ్గరే ఉందిగా."

హరిబాబు ఆమెను ఎగాదిగా చూశాడు. మళ్లీ మర్యాద వచ్చింది. "రండమ్మా. అదృష్టం ఎవరిదైతే వాళ్లదేనండి."

"నీకేమన్నా మతిపోయిందా?" కృపారాణి ఆమె భుజం పట్టుకుని ఊపింది. "ఇప్పుడు వినలేదా నువ్వు?"

"విన్నానే. మా ఇంట్లో రోజూ వినేది నువ్వూ వింటున్నావుగా. మా ఆయన తాగొచ్చి తలుపు తంతాడు. గడియ ఊడి నాలుగు నెలలైంది. అక్కడ తలుపుకి గడియన్నా ఉంటది." ఆమె నవ్వింది. ఎప్పుడూ నవ్వినట్టే నవ్వింది. "ఆవిడ సూరమ్మ కాకపోతే కాకపోనీ. ఎవరో ఒకావిడ బతికే ఉంది కదా అక్కడ, మాట్లాడుతుంది కదా."

రత్తమ్మ లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దమ్మా. ఎల్లకు. నా మాటిను."

"నేనెల్తే నా ఎముక కట్టేవాళ్లెవరు పిన్నీ? అమ్మా లేదు, అత్తా లేదు. నువ్వే కట్టాలి."

కృపారాణి తన బ్యాగు ఆమెకిచ్చింది. ప్రిస్కిల్లాకు సర్దుకోవడానికి బ్యాగూ లేదు, అందులో పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రత్తమ్మ తీగ విప్పి ఒక ఎముకను అరటాకులో చుట్టింది, దాని మీద పాత పేపరు చుట్టింది. పేపరు వెంటనే తడిసింది. దాన్ని బ్యాగు అడుగున, కూతురు వదిలిన జానెడు చోటులో పెట్టింది.

"సగం కూడా కాలేదే. ఎక్కడన్నా నిప్పు దొరికితే ఇంకో పూట కాల్చుకో. పచ్చిగా తినకు."

"అలాగే పిన్నీ. ఆయ్, ఎల్లొత్తాను."

మణికట్టు రత్తమ్మ చేతిలోంచి జారిపోయింది. తాను వదిలిందో, ఆమె లాక్కుందో రత్తమ్మకు తెలియదు. తెలియదని కృపారాణితో చాలాసార్లు అంది. కృపారాణినైతే పట్టుకునేంత గట్టిగా పట్టుకోలేదని మాత్రం ఆమెకు తెలుసు. తన కూతురు దక్కిందన్న నెమ్మది అప్పటికే వేళ్లలోకి వచ్చేసింది.

వ్యాను కాలవ గట్టు మలుపు తిరిగాక ఆమె చెంబు బోర్లించింది. తడి ఊక ఎత్తిపోసి పొడి ఊక వేసింది, సరుగుడు చెక్కలు ఎగదోసింది. పొగ ఆ సాయంత్రం బాగా పట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి ఎముక కొన వేలెడు బయటపడింది. కృపారాణి స్టూలెక్కి దాన్ని నాన్న ఎముక పక్కన కట్టింది. గురువారం నుంచి మళ్లీ షెడ్డుకు వెళ్లింది.

హైదరాబాదు నుంచి ఒక్క ఫోను వచ్చింది. "గదిలో పన్నెండు మందిమి ఉన్నాం, నిప్పు దొరకలేదు పిన్నీ," అంది ప్రిస్కిల్లా. తరవాత ఆ నంబరు పలకలేదు. తల్లీ కూతుళ్లు పోలీసు స్టేషనుకు వెళ్లారు. మీరు ఆమెకు ఏమవుతారని అడిగారు. ఏమీ కామంటే మొగుణ్ణి తీసుకురమ్మన్నారు. మొగుడు రానన్నాడు. రత్తమ్మ తెల్లకాగితం మీద అక్షరం అక్షరం కూడబలుక్కుని అర్జీ తానే రాసింది. తీసుకున్నారో లేదో చెప్పలేదు. పేరుపాలెం వెళ్లి సూరమ్మ వదినను ఆ ఎముక దించొద్దని చెప్పి వచ్చింది.

ప్రిస్కిల్లా తిరిగి రాలేదు. ఆమె వెళ్లింది 2023 జూలై పద్దెనిమిదో తారీకు, మంగళవారం, మధ్యాహ్నం రెండుంబావుకి.