కలుపు అన్న మాట

కట్ట తెగి వరద వచ్చి, ప్రతి గోడ మీదా ఛాతీ ఎత్తున గీత మిగిల్చిపోయింది. ఇది దాని మరుసటేడు జరిగింది.

ఆ ఏడంతా రంగుల మేస్త్రికి చేతినిండా పని. గోకి, లప్పం పెట్టి, రెండు పూతలు వేసినా ఆ గీత తేమకి మళ్ళీ పైకి తేలేది. ఊరందరి గోడల మీదా చెరిపాడు గాని, తన ఇంట్లో గీత జోలికి పోలేదు. ఆ నీళ్ళలోనే భార్య పోయింది. ఏడేళ్ళ పాప మాట కూడా ఆ నీళ్ళతోనే పోయింది. గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. లోపం లేని ఆ గొంతు లోంచి ఏడాదిగా ఒక్క పలుకు లేదు.

మేస్త్రి అక్క ఊరుకునే మనిషి కాదు. "నువ్వు పొద్దున నిచ్చెనెక్కితే పొద్దుగూకి దిగుతావు. ఇంట్లో నిప్పంటుకున్నా ఆ పిల్ల కేకెయ్యలేదు" అని, మాటలు రాని పిల్లల హాస్టల్లో చోటు మాట్లాడింది. మేస్త్రి పాప గౌన్లు పెట్టెలో సర్దాడు.

సరిగ్గా అప్పుడే బజారు మూల మీదికి గారడీవాడు ఒకడొచ్చాడు. ఆరు వైపులా ఆరు రంగులున్న క్యూబు పాప చేతికిచ్చి, "కలుపు తల్లీ, నీ ఇష్టమొచ్చినట్టు కలుపు" అన్నాడు. రంగులన్నీ చెదిరేలా పాప చాలాసేపు తిప్పింది. వాడు దాన్ని తీసుకుని, రుమాలు కప్పి, పైకెగరేసి పట్టుకున్నాడు. రుమాలు తీస్తే ఏ వైపుకి ఆ వైపు ఒకే రంగు. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రి కళ్ళు మాత్రం వాడి చేతుల మీదే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం పెరట్లో బ్రష్షులు కడుక్కుంటుంటే వెనక నుంచి చొక్కా అంచు ఎవరో లాగారు.

"కలుపు."

బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. "ఏమన్నావమ్మా? ఏదీ, ఇంకొక్కసారి!" గడ్డం పట్టుకుని బతిమాలాడు. పాప పెదవులు మళ్ళీ విడలేదు.

అక్కకి ఫోను చేస్తే నమ్మలేదు. "ఆశ కొద్దీ అలా వినపడుతుందిరా తమ్ముడూ. ఎల్లుండి పొద్దున బస్సుకి వస్తున్నాగా. నా ఎదట ఒక్కసారి అనిపించు. ఆ పెట్టె నా చేత్తో నేనే విప్పుతాను."

పొద్దున్నే మేస్త్రి పని మానుకున్నాడు. బొమ్మల కొట్లో అందరూ తిప్పి తిప్పి వదిలేసిన క్యూబు ఒకటి కొన్నాడు. మేస్త్రి భాషలో కలపడమంటే రెండు రంగులు చార అన్నది లేకుండా ఒకటైపోయేదాకా కలియదిప్పడం. చార కనబడితే అది కలిసినట్టు కాదు. పాప అడిగింది ఏ వైపుకి ఆ వైపు అలా ఒకే రంగు చెయ్యమనే కదా అనుకున్నాడు. ఒక వైపు ఎర్రరంగు కుదిరేలోపు రెండో వైపు చెదిరిపోయింది. మధ్యాహ్నానికి వేళ్ళు బొబ్బలెక్కాయి.

దాన్ని పట్టుకుని సెలూన్‌కి పరిగెత్తాడు. బావమరిది అక్కడే ఉన్నాడు. తాళంచెవులు కోసే బడ్డీ వాడిది, సెలూన్ పక్కనే.

"బావా, ఇందులో దాపరికమేం లేదు. లోపల స్ప్రింగుంటుంది. మీట నొక్కితే టకామని దాని చోటికది వచ్చేస్తుంది."

సెలూన్ పెద్దాయన కత్తెర ఆపాడు. "నువ్వు చేసిన తాళంచెవే మూడోసారికి గాని తిరగదు, నువ్వు స్ప్రింగుల గురించి చెప్పొచ్చావు! రెండు క్యూబులురా. ఒకటి చొక్కా చేతిలో."

"వాడిది పొట్టి చేతుల చొక్కా" అన్నాడు మేస్త్రి.

"అయితే రుమాల్లో."

"రుమాలు దులిపి చూపించాడు."

"మరైతే మంత్రమే అనుకో. మనకి ఒకేసారి కనబడేది మూడు వైపులేనయ్యా. తక్కిన మూడూ ఎవడు చూశాడు?" పెద్దాయన దువ్వెన ఊదుకున్నాడు. "అది సరే, పాప 'కలుపు' అందంటున్నావు. పొలంలో కలుపేమో, పీకెయ్యమందేమో కనుక్కున్నావా?"

పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నాయన నురగలోంచి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. అద్దం ముందున్న సీసాలు ఎగిరిపడేలా బల్ల మీద గుద్దాడు.

"రేపు పొద్దున నా పిల్లని తీసుకెళ్ళిపోతారు. మీకు నవ్వులాటగా ఉందా?"

బావమరిది సీసాలు సరిచేశాడు. పోయింది వాడికీ తోడబుట్టిందే. "బావా, ఆ గారడీవాడు గడుసువాడు. జనం పాప చేతులు చూస్తున్నంతసేపూ వాడి చేతులు ఎవడూ చూడలేదు. ఇంతకీ పాప ఎలా తిప్పింది? అది చెప్తే ఏమైనా అంతుపట్టొచ్చు."

పాప ఎలా తిప్పిందో మేస్త్రి చూడలేదు.

దారి పొడుగునా ఆలోచించాడు. గారడీ తెలియకపోతే మానె, రంగు తెలుసు కదా. ఇంటికొచ్చి తలుపు గొళ్ళెం పెట్టుకుని, సన్నబ్రష్షుతో క్యూబుకి పూతలు వేశాడు. ఒక వైపంతా ఎరుపు, ఇంకో వైపంతా పచ్చ. చార లేదు, మచ్చ లేదు. పొయ్యి పక్కన ఆరబెట్టాడు. తన పనితనానికి తనకే ముచ్చటేసింది.

దీపాలు పెట్టేవేళ పాపని కూర్చోబెట్టి, క్యూబుకి రుమాలు కప్పి, ఎగరేసి పట్టుకున్నాడు.

"చూశావా తల్లీ! కలిపేశాను!"

పాప కళ్ళు వెలిగాయి. రెండు చేతులా తీసుకుని తిప్పబోయింది. కదల్లేదు. పళ్ళ బిగువున తిప్పింది. సందుల్లోకి దిగిన రంగు బిగుసుకుని అది రాయయి కూర్చుంది. పాప దాన్ని తండ్రి ఒళ్ళో పెట్టింది.

"కలుపు."

"కలిసే ఉంది కదమ్మా! చూడు, ఎక్కడైనా చెదిరిందా?"

"కలుపు!" ఏడుపు గొంతుతో అరిచింది. తండ్రి వేళ్ళు పట్టుకుని క్యూబు అంచుల మీద పెట్టి, వాటిని తన గుప్పిట్లో బిగించి మెలితిప్పింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. అప్పటికి గాని మేస్త్రికి తెలిసిరాలేదు. గారడీవాడు ఏం చెయ్యమన్నాడో పాప అదే అడుగుతోంది. చెదరగొట్టడం. ఇష్టమొచ్చినట్టు, ఎవరూ వద్దనకుండా చెదరగొట్టడం. రంగులు ఒకటైతే దానికేం, కాకపోతే దానికేం! ఆ ఒక్క పనికీ పనికిరాకుండా, తన చేత్తో తనే అతికించేశాడు.

పాప గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. వినడానికి ఈసారీ తనొక్కడే. అక్క ఎలా నమ్ముతుంది? సర్దిన పెట్టె గుమ్మం పక్కనే ఉంది.

తెల్లారి అక్క వచ్చేసరికి మేస్త్రి గడప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కిరసనాయిలు గిన్నె. బ్లేడుతో క్యూబు సందుల్లో రంగు గోకుతున్నాడు. వేళ్ళు రెండుచోట్ల తెగాయి. పాప మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది.

"అందా మరి?" అంది అక్క.

"అంది."

"ఏదీ, అనమను."

మేస్త్రి పాపని అడగలేదు. బ్లేడు పక్కన పెట్టి, క్యూబుని గుప్పిట పట్టి మెల్లగా తిప్పాడు. కిర్రుమని ఒక వరుస కదిలింది. ఎరుపు పక్కకి పచ్చ వచ్చింది. దాన్ని పాప చేతిలో పెట్టాడు.

"కలుపు తల్లీ. నీ ఇష్టం."

పాప తిప్పడం మొదలుపెట్టింది. మాట్లాడలేదు. అక్క కాసేపు నిలబడి చూసి, "నేనేం వినలేదురా తమ్ముడూ" అంది నీరసంగా.

"నేను విన్నాను కదక్కా. నాతో పనికి తీసుకుపోతాను. నిచ్చెన కింద కూర్చుంటుంది. కేకెయ్యక్కర్లేదు, చెయ్యి చాస్తే నా కాలు అందేంత దూరంలోనే ఉంటాను."

తర్వాత లేచి, కిరసనాయిలు చేతులు తుడుచుకుని పెట్టె విప్పాడు. పాప గౌన్లు ఒక్కొక్కటే దులిపి, దండెం మీద వేశాడు.