పురుగులన్న మాట

పసిపాప గుడ్డ మీది మలాన్ని పుల్లతో సీసాలోకి తీసి మూత బిగించింది అజ్మతున్నీసా. రావల్కోల్ ఊళ్ళో ఆ రోజు అది రెండో ఇల్లు. నలభై నిండకుండానే మొగుడు ఇస్హాక్ గుండెపోటుతో పోయాక, 2012లో తుర్కపల్లి ల్యాబులో ఈ పనికి కుదిరింది. ఈ సీసాలెందుకో ఆమెకెవరూ చెప్పలేదు. ఊళ్ళో అడిగితే ఏమనాలో మాత్రం ల్యాబు అధికారి చక్రపాణి సారు నేర్పాడు: "కడుపులో పురుగుల్ని చూస్తున్నామని చెప్పు. సూక్ష్మజీవులంటే వాళ్ళకేం తెలుస్తుంది?"

మూడో ఇంట్లో బాలమణి మూడు నెలల పాపకు డబ్బాపాలు పడుతోంది. అజ్మతున్నీసా సీసా పక్కన పెట్టేసింది.

"నీ పాలేమాయె బిడ్డా?"

"బంద్ జేసిన అక్కా. పురుగులని నువ్వే అంటివి గద! ఊళ్ళె డాక్టర్‌కు జెప్తే, నా పాలకెల్లే వస్తున్నయన్నడు. అవి సావనీకి పాపకు మందు గూడ ఇచ్చిండు."

అజ్మతున్నీసా రోడ్డు మీద ఆపిన ల్యాబు కారు దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పింది. లోపల కూర్చున్న చక్రపాణి ఫోన్లోంచి తలెత్తలేదు.

"మందు పడిందా? అయితే ఆ పాప మనకు పనికిరాదు. లిస్టులోంచి తీసేద్దాం."

"పురుగులంటే చెడ్డయా సార్?"

"చాలావరకు మంచివే. పాలను పెరుగు చేసేవాటిలాంటివి. తల్లిపాలతో పెరుగుతాయి. పసితనంలో అవి సరిగ్గా కుదురుకుంటే పెద్దయ్యాక షుగరు, గుండెజబ్బు ముప్పు తగ్గుతుందేమోననే కదా మన పరిశోధన!"

గుండెజబ్బట! ఈ ఒక్క ముక్క ముందే చెబితే ఈయన సొమ్మేం పోయేది? మాట ఈయనది, తిరిగి చెప్పిన నోరు తనది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

"పోయి జెప్పొస్త."

"అది మన పని కాదు. కారెక్కు. లేదంటే రేపటి నుంచి రానక్కర్లేదు."

"ఛీ! పసిదాని దొడ్డి గావాలె గని, పసిది వద్దా మీకు?"

వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి బాలమణి పక్కన కూలబడింది.

"పురుగులు గావు బిడ్డా, తప్పు మాట జెప్పిన. పాలను పెరుగు జేసేటివి ఉంటయి సూడు, గసొంటియంట. నీ పాలు మంచియే. జల్దీ పట్టు. గా మందు సంగతి మేడ్చల్ దవాఖానల అడుగుదాం, నేనొస్త."

బాలమణి కళ్ళు తుడుచుకుని పాపను రొమ్ముకు హత్తుకుంది. పాప మొహం తిప్పుకుని గుక్కపట్టి ఏడ్చింది. బయట హారన్ మోగింది. మళ్ళీ మోగింది. అజ్మతున్నీసా కదల్లేదు, పాప తల నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ఏడుపు ఆగి, చప్పరించే చప్పుడు వినిపించింది.

అప్పటికే కారు వెళ్ళిపోయింది. వెనకసీట్లో, ఆమె మధ్యాహ్నానికని కట్టుకున్న జొన్నరొట్టెల మూట ఉండిపోయింది.