వంటగదిలో ఒక చెట్టుకే చోటు

పెద్ద పొయ్యి పగిలింది. ముందు గదిలో గోడంత ఎత్తున్న ఇటుక పొయ్యి అది. ఇల్లంతటికీ వేడి దానిదే. పొద్దున కట్టెలు పెట్టి అంటించగానే పగుళ్ళలోంచి పొగ గదిలోకి తన్నింది. మేస్త్రీ వచ్చి చూశాడు. ఎండలు వచ్చేదాకా మట్టి అతకదనీ, ఈలోగా అంటిస్తే ఇల్లు తగలబడుతుందనీ చెప్పి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వంటగదిలో చిన్న ఇనప పొయ్యి ఉంది. నాకది చాలు. చెట్లకి చాలదు.

మా పావ్లోవో ఊళ్ళో నిమ్మచెట్టు లేని కిటికీ ఉండదు. బయట ఓకా నది గడ్డకట్టి దానిమీద లారీలు నడుస్తుంటే, లోపల అద్దం పక్కన నిమ్మకాయలు పండుతుంటాయి. మా ఇంట్లో రెండు చెట్లున్నాయి. ఒకటి పాతది. నా భార్య మార్ఫాకి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన కొమ్మ పెరిగి అంతయింది. రెండోది మేయర్ అనే రకం నిమ్మ, మొన్న మొన్నటిది. దక్షిణాదికి పనిమీద వెళ్ళి నేనే తెచ్చాను. వంటగది కిటికీ దగ్గర ఒక తొట్టికే చోటుంది.

పోయిన మార్చిలో మార్ఫా చనిపోయింది. చివరి రోజుల్లో నోటికి ఏ రుచీ తెలిసేది కాదు. రొట్టె మట్టిలా ఉందనేది. పాత చెట్టు కాయని పల్చగా కోసి తొక్కతో సహా పెడితే మాత్రం కళ్ళు తెరిచేది. "ఇది తెలుస్తోంది లుక్యాన్," అనేది. కాయలు అయిపోయాయి. చెట్టు మళ్ళీ పూసింది. మార్ఫా గోడ పట్టుకుని నడిచివెళ్ళి, కాయ పట్టాలని పువ్వు పువ్వుకీ కోడి ఈక రాసింది. ఆ పూతలో ఒక్క కాయ నిలిచింది. పండి చాలాకాలమైంది. నేను కోయలేదు.

మేస్త్రీ వెళ్ళాక పక్కింటి కపితోలీన వచ్చింది. అడగకుండానే కూర్చుంది. నన్ను మా నాన్న పేరు మీద ఫోమిచ్ అని పిలుస్తుంది.

"ఇందులో ఆలోచించడానికేముంది ఫోమిచ్? మేయర్ని లోపల పెట్టుకో. ఏటా బుట్టెడు కాస్తుంది. చలిగాలి తగిలినా అలగదు. ఈ ముసల్ది చూడు, తొట్టి ఇటు తిప్పితే ఆకు రాలుస్తుంది, అటు తిప్పితే పూత రాలుస్తుంది. అచ్చం నీలాగే."

"మేయర్ కాయలో పులుపేదీ?"

"నోటికి మెత్తగా ఉంటుంది. చక్కెర కలిసొస్తుంది."

"తియ్యగా కావాలంటే చక్కెరే తింటాను. ఆ కాయ టీలో వేస్తే వాసనే ఉండదు. తొక్క సబ్బులా ఉంటుంది."

"తొక్కెవడు తింటాడయ్యా?"

"మార్ఫా తినేది."

కపితోలీన లేచి వంటగది తలుపు వెడల్పు చేతులతో కొలిచి, ఆ చేతుల్ని అలాగే పాత చెట్టు దగ్గరికి తీసుకొచ్చింది. చెట్టు గొడుగులా విచ్చుకుని ఉంది. రెండు వైపులా మూరెడు కొమ్మలు ఆ చేతుల్ని దాటి బయటికి వచ్చాయి.

"పట్టదు," అంది. "నరకాలి. చలికాలంలో నరికితే బతుకుతుందో లేదో దేవుడికి తెలియాలి. మేయర్ అయితే సన్నగా ఉంది, ఉన్నదున్నట్టే దూరుతుంది."

కాయ ఉన్నది బయటికి వచ్చిన కొమ్మకే.

మధ్యాహ్నానికి గదిలో నా ఊపిరి నాకు కనిపించింది. రెండు చెట్లకీ దుప్పట్లు చుట్టాను. పాత చెట్టు ఆకులు అంచుల దగ్గర లోపలికి ముడుచుకుంటున్నాయి. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది. చీకటి పడేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. మడతకత్తి తెరిచాను. మూశాను.

అప్పుడు వాకిట్లో మంచు మీద నడిచే జారుడుబండి చప్పుడైంది. మార్ఫా చెల్లెలు స్తెపానిద. నది అవతలి ఊరు. వెంట గొర్రెతోలు కోటు ఇంకొకటి, రెండు బొంతలు తెచ్చింది.

"పొయ్యి పగిలిందని మేస్త్రీ మా ఊరొచ్చి చెప్పాడు," అంది. "అమ్మమ్మ చెట్టు తీసుకెళ్తాను. మా ఇంట్లో వెచ్చగా ఉంటుంది."

"నది దాటొచ్చావా?"

"దాటకుండా ఎలా వస్తాను?"

"మార్చిలో దాటలేకపోయావే. మీ అక్క నిన్ను చూడాలని అడిగినప్పుడు."

"అప్పుడు మంచు కరుగుతోంది లుక్యాన్."

"పాలమ్మే ఆవిడ దాటింది. మంచు మీద చెక్క పలకలు వేసుకుని రోజూ దాటింది."

స్తెపానిద తలగుడ్డ విప్పి భుజాన వేసుకుంది. ఈవిడని పంపించెయ్యాలి, అంతే. మేయర్ తొట్టి వైపు చెయ్యి చూపించాను.

"అదే. తీసుకుని వెళ్ళు."

దుప్పటి ఎత్తి చూసింది. కొమ్మ కొమ్మకీ కాయలు.

"ఇంత కాసేది కాదే."

"కాపు పెరిగింది."

నా మొహం వంక చూసింది. నన్ను అడగకుండా ఒక కాయ తెంపి, తొక్కతోనే కొరికింది. నమిలింది. గుప్పిట్లోకి ఉమ్మేసింది.

"నన్నెవరనుకున్నావు? అమ్మమ్మ నిమ్మకాయ కొరికితే చెవుల్లో గంట మోగేది. ఇది చిలకడదుంప."

రెండో దుప్పటి తీసింది. చెట్టుని అలాగే చూస్తూ నిలబడింది. మొదలు దగ్గర తొట్టికి ఒక సుద్దగీత ఉంటుంది, కిటికీ వైపు ఎప్పుడూ ఆ గీతే ఉండాలని మార్ఫా గీసింది. స్తెపానిద దాన్ని వేలితో తాకింది. తర్వాత కాయ వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోకు," అన్నాను.

చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఆ పూతకి మీ అక్క ఈక రాసింది. చచ్చిపోయే ముందు."

చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక ఆకు రాలి దుప్పటి మీద పడింది. వెంటనే ఇంకొకటి.

"నా మీద కోపం తర్వాత చూసుకో," అంది. "చెట్టు చస్తోంది. ఇంత వెడల్పయిందని నాకు తెలీదు. ఇది వీధి తలుపులోంచి కూడా రాదు. నువ్వు కొయ్యి. నీకు చేతకాకపోతే నేను కోస్తాను."

"నా ఇంట్లో నువ్వు కత్తి పట్టవు."

కత్తి తెరిచాను. కత్తులకి పేరుపడ్డ మా ఊళ్ళో చేసింది, వెంట్రుకని నిలువునా చీలుస్తుంది. బయటికొచ్చిన కొమ్మలన్నీ కోశాను. కాయ ఉన్న కొమ్మని అన్నిటికన్నా చివర కోశాను. స్తెపానిద ఒక చేత్తో చెట్టుని పట్టుకుని నిలబడింది. వద్దని అనలేదు నేను.

తొట్టిని ఇద్దరం కలిసి వంటగదిలోకి లాగాం. నేను పొయ్యి నిండా కట్టెలు కుక్కాను.

"మెల్లగా," అంది స్తెపానిద. "ముందు వేళ్ళు వేడెక్కాలి. తొట్టి కింద వేడి ఇటుకలు పెట్టు. పైన వేడి, కింద చలి అయితే ఆకంతా పోతుంది."

"నాకు నేర్పకు. మీ అక్కతో బతికింది నేను."

ఇంకో కట్టె పెట్టాను.

టీ కాచాను. కాయ కోశాను. గది నిండా వాసన లేచింది. మార్ఫా పక్కగదిలో ఉన్నట్టే ఉంది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఒక ముక్క బల్లమీద అవతలి వైపుకి జరిపాను. స్తెపానిద తొక్కతో తినేసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏడుపో, పులుపో నేను అడగలేదు.

తర్వాత ముందు గదిలోకి వెళ్ళింది. నేల మీద పడిన కొమ్మల్లోంచి పెన్సిలంత లావున్నవి ఏరింది. కోటు గుండీలు విప్పి, రవికలోపల ఒంటికి ఆనించి పెట్టుకుంది. చలిలో నిమ్మకొమ్మని అలాగే తీసుకెళ్ళాలి, బుట్టలో పెడితే దారిలోనే చస్తుంది. నేను గుమ్మంలోంచి చూశాను. అడగలేదేమని అనలేదు. ఇస్తున్నాననీ అనలేదు.

మేయర్‌ని కపితోలీనకి ఇచ్చెయ్యమన్నాను. స్తెపానిద పోతూ పోతూ ఆ తొట్టిని తన బండి మీదే అక్కడ దింపింది. కపితోలీన గోడ మీదుగా అరిచింది. "చూశావా ఫోమిచ్, బుట్టెడు కాయలు నాకిచ్చి మోడుని నువ్వు ఉంచుకున్నావు."

అన్నట్టే మోడయింది. వారం తిరక్కుండా ఆకంతా రాలింది. వంటగదిలో పైన వేడి, నేల దగ్గర చలి. ఇటుకలు పెట్టాను, అప్పటికే ఆలస్యమైంది. గోటితో గీరితే బెరడు కింద పచ్చదనం కొన్నాళ్ళు కనిపించింది. నది మీద మంచు విడి కదిలే వేళకి అదీ లేదు. గీరడం మానేశాను. తొట్టిని మాత్రం గీత కిటికీ వైపుకి ఉంచాను.

మేలో పడవలు మొదలయ్యాయి. మొదటి పడవలో స్తెపానిద వచ్చింది. ఎండ కాస్తున్నా కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చింది. గుమ్మం ముందు నిలబడి గుండీలు విప్పింది. లోపల చిన్న మట్టి కప్పు. అందులో జానెడు మొక్క, నాలుగు కొత్త ఆకులు.

"రెండు బతికాయి," అంది. "ఒకటి నాది."

నా భుజం మీదుగా వంటగదిలోకి చూసింది. ఎండిన కొమ్మలు కనిపించి ఉంటాయి. ఇటుకల మాట ఎత్తలేదు.

కప్పు అందుకున్నాను. ఒక ఆకు నలిపి వాసన చూశాను. అదే.

"నాలుగైదేళ్ళకి కాస్తుంది," అంది. "కాసినప్పుడు నాకొక ముక్క."

"నీ చెట్టు నీకుంది కదా."

"ఉంది."

ఇంకా ఏదో అంటానని కాసేపు నిలబడింది. నేను లోపలికి రమ్మనలేదు. రేవు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది, కోటు చేతిమీద వేసుకుని. నిరుడు మార్చిలో ఆ రేవు దాటి ఉంటే మార్ఫా ఆమెని చూసి పోయేది. అది నేను మర్చిపోను.

తలుపు వేసి, మోడుని తొట్టిలోంచి పీకేశాను. పెద్ద తొట్టి చిన్న మొక్కకి పనికిరాదు, వేరు కుళ్ళుతుంది. కప్పునే కిటికీలో పెట్టి, వెలుగు వైపు ఉన్న అంచు మీద సుద్దతో గీత గీశాను.